గుండీ తెస్తేనే సామాను

పొద్దున హాల్లో పాటలు మొదలయ్యే లోపే సామాన్లాయన గది ముందు జనం చేరిపోయేవాళ్లు.

"తోసుకోకండి. ఒకరి తర్వాత ఒకరు," అనేవాడాయన, గుమ్మంలో కుర్చీ వేసుకుని. ఒళ్లో పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. దాని నిండా గుండీలు.

ముందు బ్యాంకాయన వచ్చేవాడు. "అన్నయ్యగారూ, నడుము," అంటూ వెనక్కి తిరిగి నిలబడేవాడు. సామాన్లాయన ఆ నడుము మీద అరచెయ్యి ఆనించి, పెట్టె బరువు చూసినట్టు ఓ క్షణం ఆగి, "ఆఁ, అందింది," అనేవాడు. డబ్బాలోంచి ఓ గుండీ తీసి చేతిలో పెట్టేవాడు. బ్యాంకాయన నిటారుగా అయిపోయి, చేతులూపుకుంటూ హాల్లోకి నడిచేవాడు. తర్వాత లెక్కల మేడమ్ రెండు మోకాళ్లు. ఆ తర్వాత నాటకాలాయన తుంటి. ఆ వెనక ఎవరి మడమలు వాళ్లవి, ఎవరి వేళ్లు వాళ్లవి. అందరూ లోపలికెళ్లి పాటలకి గంతులేస్తుంటే ఈయన గుమ్మంలో కుర్చీలో ముడుచుకుని కూర్చునేవాడు. భోజనాల గంట కొట్టగానే ఒక్కొక్కరూ వచ్చి గుండీ ఇచ్చి, ఎవరి నొప్పి వాళ్లు పట్టుకుపోయేవాళ్లు.

సామాన్లాయన అన్న పేరు ఊరికే రాలేదు. ఉద్యోగమంతా రైల్వే స్టేషన్లో సామాన్ల గదిలోనే గడిచిపోయింది. పెట్టెలు, పరుపు చుట్టలు, ఓసారైతే పంజరంతో సహా చిలకా! ఏది తెచ్చినా తీసుకుని అల్మరాలో పెట్టి, చేతికి ఓ టోకెన్ ఇచ్చేవాడు. టోకెన్ తెచ్చినవాడికి సామాను ఇచ్చెయ్యాలి, టోకెన్ లేకపోతే సొంత తమ్ముడికైనా ఇవ్వకూడదు. ఆ రూలు తప్ప ఆయనకి ఇంకో రూలు తెలీదు. ఓ పెద్దమనిషి గొడుగు దాచి వెళ్లి మళ్లీ రాలేదు. దాని ఊచలకి ఈయన ఏటా నూనె రాసేవాడు. రిటైరయిన రోజున కొత్తగా వచ్చినవాడికి అన్నిటికంటే ముందు ఆ గొడుగే అప్పజెప్పాడు. పైఅరలు చూసీ చూసీ ఆయన మెడ కుడిపక్కకి కాస్త వాలిపోయిందని అందరూ అనుకునేవాళ్లు.

గుండీలేమో ఆయన భార్యవి. ఆవిడ నలుగురికీ బట్టలు కుట్టి ఇల్లు నడిపిన మనిషి. ఇక్కడికొస్తూ కుట్టు మిషను కూడా వెంట తెచ్చుకుంది కాబట్టి మిషనమ్మ అన్నారు. ఆవిడ మాత్రం మొగుడి దగ్గర ఎప్పుడూ ఏ నొప్పీ పెట్టలేదు. పెట్టడానికి ఉంటే కదా! ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ వయసులో అంత ఆరోగ్యం చూస్తే ఎవరికైనా కుళ్లు పుడుతుంది.

"నాకూ ఉండేదమ్మా మెడనొప్పి, చిన్నప్పుడు," అని లెక్కల మేడమ్‌కి చెప్పేది. "మెడ దగ్గర మొదలై కుడి భుజం దాకా పాకేది. పచ్చ సీసాలో ఓ నూనె ఉండేది, అది రాశాను. తెల్లారేసరికి మాయం! మళ్లీ ఈ జన్మలో రాలేదు. నువ్వూ రాసి చూడరాదూ?"

"ఆ నూనె ఇప్పుడు దొరకట్లేదుగా వదినా," అనేది మేడమ్ ప్రతిసారీ. ఇద్దరికీ ఆ మాటలు కంఠతా వచ్చు. అయినా ఆవిడ చెప్పడమూ మానలేదు, ఈవిడ వినడమూ మానలేదు.

ఆ వృద్ధాశ్రమంలో వాళ్లుండేది ముందు బిల్డింగులో. గేటు మీద 'చురుగ్గా బతుకుదాం' అని పెద్ద అక్షరాల బోర్డు ఉండేది. లోపలికెళితే ఈత కొలను, టేబుల్ టెన్నిస్ బల్ల, బొమ్మలు వేసుకునే గది, పొద్దున గంతులు, సాయంత్రం పాటలు. గడ్డి మధ్య సిమెంటు దారి పట్టుకుని వెళితే వెనక బిల్డింగు వచ్చేది. అక్కడ మంచాలకి ఇనప కమ్మీలుండేవి. అక్కడ ఎవరూ గంతులెయ్యరు. ముందు బిల్డింగు కిటికీలన్నీ కొలను వైపుకే. వెనక బిల్డింగు వైపు చూసే కిటికీ ఒక్కటుండేది, దానికి ఎవరో కర్టెన్ వేసేశారు.

ఎవరు ఎక్కడుండాలో తేల్చేది కుర్చీ పరీక్ష. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి. హాలు అవతలి గోడ దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. లేవలేకపోతే వెనక్కి. మొగుడూ పెళ్లాల్లో ఒకరే తప్పితే ఆ ఒకరే వెళతారు. రెండోవాళ్లు సాయంత్రాలు వచ్చి కాసేపు చూసి పోవచ్చు. ఇద్దరూ లేవలేనివాళ్లయితేనే అక్కడ ఇద్దరికీ కలిపి గది ఇస్తారు. డాక్టరమ్మ ఒకసారి రాసిందంటే మళ్లీ పరీక్ష వచ్చేదాకా మార్చడానికి లేదు.

మిషనమ్మకి నిద్రలో కూడా ఆ కుర్చీయే కనిపించేది. తనకోసం కాదు, ఆయన కోసం. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన పక్కన కాక ఇంకెక్కడా పడుకోలేదావిడ. ఆయన గురక లేకపోతే ఆవిడకి నిద్ర పట్టదు. ఆ గురక మీద రోజూ పేచీ పెట్టేదీ ఆవిడే.

ఆవిడ భయానికి కారణం ఉంది. మొదట్లో భోజనాల గంటకే నొప్పులు పట్టుకుపోయినవాళ్లు రాన్రానూ సాయంత్రం చేశారు. తర్వాత, "పొద్దున మళ్లీ తెచ్చి పెట్టాల్సిందేగా, ఈ రాత్రికి ఉండనివ్వండి అన్నయ్యగారూ," అన్నారు. మెత్తనివాడు దొరికితే మనుషులు అంతేగా! పోస్టాఫీసు మామ్మ అయితే ఎడమ భుజం ఇచ్చి వెళ్లి, ఆ రాత్రి నిద్రలోనే పోయింది. గుండీ ఎక్కడ పెట్టిందో దొరకలేదు. కూతురు వచ్చి చెప్పులూ కళ్లద్దాలూ తీసుకెళ్లింది. సామాన్లాయన ఆ అమ్మాయితో ఏదో చెప్పబోయి, ఏడుస్తున్న పిల్లని చూసి ఊరుకున్నాడు.

"చచ్చిపోయిన మనిషి భుజం ఇంకా ఎందుకండీ? వదిలెయ్యండి," అంది మిషనమ్మ.

"ఎక్కడ వదలనే? ఎవరైనా గుండీ పట్టుకొచ్చి అడిగితే?"

"ఎవరొస్తారు?"

"ఏమో. రావొచ్చు."

"మీకూ మీ గొడుగుకీ ఓ దణ్ణం!" అని ఆవిడ మొహం తిప్పుకుంది. ఆయన ఎడమ చేత్తో గ్లాసెత్తలేక కుడి చేత్తో ఎత్తడం ఆవిడ కంట పడనే పడింది.

అలాంటి రోజుల్లో పరీక్ష తేదీ చెప్పారు. ఇంకేముంది, బిల్డింగంతా గుసగుసలు. ఎవరిని చూసినా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. బ్యాంకాయన ముఖం వేలాడేసుకుని వచ్చాడు. వెనకాల మిగతావాళ్లు.

"అన్నయ్యగారూ, ఆ ఒక్కపూట మీరే గట్టెక్కించాలి. అన్నీ మీ దగ్గర పెట్టేస్తాం. పరీక్ష అవ్వగానే ఎవరిది వాళ్లు తీసేసుకుంటాం."

"మరి ఆయన పరీక్ష మాటేంటి?" అని మిషనమ్మ లోపల్నుంచి కేకేసింది.

దానికీ లెక్కల మేడమ్ లెక్క చెప్పింది. "గదుల వరసలో పిలుస్తారు వదినా. మీది చివరి గది. పరీక్ష పొద్దున మొదలైతే సాయంత్రం దాకా సాగుతుంది, ప్రతిసారీ చూస్తున్నాంగా. ఒక్కొక్కరూ లేవడానికే ఎంతసేపు పడుతుందో! అన్నయ్యగారి వంతు వచ్చేలోగా మేమందరం వచ్చి తీసుకెళ్లిపోమూ?"

"వద్దండీ. వీళ్లని నమ్మకండి," అంది మిషనమ్మ, వాళ్ల ముందే.

సామాన్లాయన నవ్వాడు. "వస్తారులేవే. టోకెన్లు వాళ్ల దగ్గరే ఉంటాయిగా," అన్నాడు. సామాను తెచ్చినవాడిని ఆయన జీవితంలో వెనక్కి పంపి ఎరగడు. ఆవిడ తల పట్టుకుంది.

పరీక్ష రోజు పొద్దున డబ్బాలో గుండీలు సగానికి సగం ఖాళీ అయ్యాయి. ఎప్పుడూ పెట్టనివాళ్లు కూడా వచ్చి పెట్టారు. అందరూ వెళ్లాక ఆఖర్న డాక్టరమ్మ కూడా వచ్చింది, అటూ ఇటూ చూసుకుంటూ. "రాత్రి నుంచీ తలనొప్పి బాబాయిగారూ. ఇంతమందిని చూడాలి..." ఆవిడకీ ఓ నల్ల గుండీ ఇచ్చాడు. మిషనమ్మా ఇంకో ఇద్దరూ కలిసి ఆయన్ని కుర్చీతో సహా హాలు గుమ్మం దాకా మోసుకెళ్లారు.

అసలు పొరపాటు అక్కడే జరిగింది. ఎవరి ఒంట్లోనూ నొప్పి లేదు కదా, పేరు పిలవడం ఆలస్యం, స్ప్రింగు నొక్కినట్టు లేచి, అవతలి గోడ దాకా దాదాపు పరిగెత్తి, తిరిగొచ్చి కూర్చున్నారు. సాయంత్రం దాకా సాగాల్సిన పరీక్ష టీ టైము కూడా కాకముందే చివరి గదుల దాకా వచ్చేసింది. అయిపోయినవాళ్లకి పక్క గదిలో టీ, కేకు పెట్టారు. ఎవరో పాట పెట్టారు. ఇక చూడు నా సామిరంగా! నడుములు తిప్పేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు, టేబుల్ టెన్నిస్ బల్ల చుట్టూ అరుపులు.

మిషనమ్మ ఆ గదిలోకి పరిగెత్తింది.

"బ్యాంకు బాబుగారూ, వచ్చి మీ నడుము తీసుకోండి. ఇంకాసేపట్లో ఆయన్ని పిలుస్తారు."

"ఇదిగో ఈ గేము అవ్వగానే, అక్కయ్యగారూ. పాయింటు మీదున్నా!"

"మేడమ్, నువ్వైనా రా."

లెక్కల మేడమ్ ఓ చెయ్యి గాల్లో పెట్టి గిర్రున తిరుగుతోంది. చీర కుచ్చిళ్లు గొడుగులా లేచాయి. "మిగతావాళ్లు తీసుకుంటున్నారుగా వదినా? నా ఒక్క మోకాళ్ల వల్ల ఏమైపోతుంది? ఈ ఒక్క పాట..."

అందరిదీ అదే మాట. తనదొక్కటే ఆగితే ఏం కాదని ప్రతివాళ్లూ అనుకున్నారు. మిషనమ్మ ఒకరి చెయ్యి పట్టుకు లాగింది, ఇంకొకరిని బతిమాలింది, పాట ఆపమంది. పాట హోరులో ఆవిడ గొంతు ఎవరికీ వినపడలేదు. ఈలోగా హాల్లోంచి ఆయన్ని పిలవడం వినపడింది.

తిరిగి పరిగెత్తేసరికి ఆయన్ని పరీక్ష కుర్చీలోకి మార్చారు. డాక్టరమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"లేవండి బాబాయిగారూ," అంది మెల్లిగా.

ఆయన ప్రయత్నించాడు. పాపం, నిజంగానే ప్రయత్నించాడు. మెడ నరాలు ఉబ్బాయి, చెమట పట్టింది. కుర్చీ కిర్రుమంది తప్ప మనిషి కదల్లేదు.

"అవి ఆయనవి కావు డాక్టరమ్మా!" అని మిషనమ్మ అడ్డంపడింది. "మీకు తెలీదా? అన్నీ వాళ్లవి. అటు చూడండి, గంతులేస్తున్నారు!"

"తెలుసమ్మా. ఎవరివైతేనేం, ఇప్పుడు ఉన్నది ఆయన ఒంట్లో. నేను చూడాల్సింది ఒంటినే." అని ఆగి, కోటు జేబులోంచి నల్ల గుండీ తీసింది. "ముందు నాది నాకిచ్చెయ్యండి బాబాయిగారూ."

ఆయన గుండీ తీసుకుని ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టాడు. ఆవిడ కళ్లు మూసుకుని, "ఇప్పుడు ఇంకోసారి," అంది. ఆయన ఇంకోసారి ప్రయత్నించాడు. కుర్చీకీ ఆయనకీ మధ్య ఓ చెయ్యి దూరేంత సందు వచ్చింది. మళ్లీ కూలబడ్డాడు. పక్క గదిలో పాట మారింది. ఎవరో గెలిచినట్టున్నారు, కేకలు పెట్టారు.

డాక్టరమ్మ రాసేసింది. మర్నాడు పొద్దున వెనక బిల్డింగుకి.

మిషనమ్మ అక్కడే నేలమీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు చూసి పాట ఆపారు. ఒక్కొక్కరూ తలుపు దగ్గరికి వచ్చి, లోపలికి తొంగిచూసి, ముఖాలు చాటేశారు. ఆ స్థితిలో ఆవిడకి పరీక్ష పెట్టలేక, అది పొద్దున చూస్తానంది డాక్టరమ్మ.

సాయంత్రం నాటకాలాయన ఒక్కడే గది దాకా వచ్చాడు. స్టేజీ మీద రాజు వేషాలేసిన మనిషి. తుంటి నొప్పని ఆయన రాగాలు తీస్తుంటే అంతా నటన అని ఎప్పుడూ నవ్వుకునేవాళ్లు. గుండీ సామాన్లాయన చేతిలో పెట్టి, "నాది నాకిప్పించండి, బావగారూ," అన్నాడు. అందుకోగానే గోడ పట్టుకున్నాడు. పెదవి కొరుక్కున్నాడే గానీ, చిన్న మూలుగైనా బయటికి రాలేదు.

ఆయన కుంటుకుంటూ వెళ్లాక సామాన్లాయన అన్నాడు, "ఆయనది పెద్ద పెట్టేనే. లోకమంతా ఎక్కువ చేసి చూపిస్తాడనుకుంది. ఆయనేమో తగ్గించి చూపించేవాడు."

"ఇప్పుడొచ్చి ఏం లాభం? రాసేశారుగా," అంది మిషనమ్మ. కానీ లేచి కళ్లు తుడుచుకుంది. ఇంకా ఎంతమంది దగ్గర గుండీలున్నాయో ఆవిడకి తెలుసు. బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని బయల్దేరింది.

మొదట బ్యాంకాయన తలుపు కొట్టింది. "మీ నడుమైనా తీసుకోండి, నా గుండీ అయినా నాకివ్వండి."

బ్యాంకాయన నీళ్లు నమిలాడు. "రేపు పొద్దున వద్దామనే అనుకుంటున్నా..."

"రేపు పొద్దున ఆయన ఇక్కడుండరు."

గుండీ తెచ్చి డబ్బాలో వేశాడు. తలుపు వేసుకున్నాడు.

మిగతావాళ్లూ అంతే. ఒకావిడ గుండీ ఇస్తూ కేకు ముక్క కూడా ఇవ్వబోయింది. మిషనమ్మ దాన్ని ఏ మొహానికి కొట్టాలా అని చూసి, వద్దని వచ్చేసింది.

లెక్కల మేడమ్ తలుపు తీసే ఉంచుకుంది. మంచం మీద కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, కాలివేళ్లు ఆడించుకుంటోంది. గుండీ గుప్పిట్లో ఉంది.

"తిట్టు వదినా. నువ్వు తిడితే వస్తాను," అంది. "ఇవాళ తిరిగాను చూశావా? ఇరవై ఏళ్ల దాన్నై తిరిగాను. మెట్లెక్కాను, దిగాను, మళ్లీ ఎక్కాను. నీ దగ్గరికి రావాలనే లేచాను. గుమ్మం దాకా వచ్చాను కూడా. ఆ గుమ్మం దాటలేకపోయాను. ఆ మోకాళ్లు ఎట్లా ఉంటాయో నీకు తెలీదు, వదినా. నీకు ఏ నొప్పీ లేదు కదా!"

మిషనమ్మకి తిట్టడానికి చాలా మాటలు వచ్చాయి, నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. ఏడుస్తున్న మనిషి గుప్పిట విప్పి గుండీ తనే తీసుకుంది. జుట్టు ఓసారి నిమిరి వచ్చేసింది. అంతకన్నా ఏం చేస్తుంది?

గదికి వచ్చేసరికి సామాన్లాయన తన సంచీ తానే సర్దుకుంటున్నాడు. రెండు చొక్కాలు పెట్టడానికే ఆయాసపడుతున్నాడు.

ఆవిడ తలుపు గడియ పెట్టింది. ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, డబ్బాలోంచి బ్యాంకాయన గుండీ తీసి ముందుకు చాపింది.

"నడుము ఇవ్వండి."

"నీకేంటే? అది బ్యాంకాయనది."

"టోకెన్ ఎవరు తెస్తే వాళ్లకే సామానన్నారు. అవునా కాదా?"

"నువ్వేం చెయ్యబోతున్నావో నాకు తెలుసు. వద్దు."

"అవునా? కాదా?"

ఆయన గుండీ వైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు. కాదనడానికి ఆయనకి దారి లేదు. ఉద్యోగమంతా ఆ ఒక్క రూలుతోనే బతికాడు మరి. ఆవిడ నడుము మీద చెయ్యి వేశాడు.

"అమ్మో!" అంది మిషనమ్మ. "ఇంతుందా! ఇది పెట్టుకునా ఆ మనిషి అంత కబుర్లు చెప్పేవాడు!" ఊపిరి కూడదీసుకుని, రెండో గుండీ ఇచ్చింది. ఎవరిదో మడమ. మూడోది ఇంకెవరివో వేళ్లు. లెక్కల మేడమ్ మోకాళ్లు అందగానే ఆవిడ కళ్లమ్మట నీళ్లు జలజలా కారాయి. "పిచ్చిది," అంది, "పిచ్చిముండ, పచ్చ సీసా నూనెట! ఎలా విన్నదో నా మాటలు ఇన్నాళ్లూ!"

వసూలు చేసి తెచ్చిన గుండీలన్నీ అయిపోయాయి. ఆయన ముఖం తేటపడింది, వీపు నిలబడింది. ఆవిడ కుర్చీ చేతులు వదిలేసి, లేవడానికి ప్రయత్నించింది. లేవకూడదనే ఆవిడ కోరిక. ఒళ్లంతా పోట్లు, సలుపులు, అయినా పాడు ఒళ్లు లేచి నిలబడింది! గోడ దాకా నడిచింది. మూలుగుతూ, తిట్టుకుంటూ తిరిగొచ్చి కూర్చుంది.

"ఇదేం ఒళ్లండీ బాబూ! ఇంతమందివి వేసుకున్నా పడదే!"

"గట్టిదానివే నువ్వు. పోనీలే, ఇక్కడే ఉండు. రోజూ సాయంత్రం వద్దువు గాని," అన్నాడాయన. అనేసి కిటికీ వైపు తిరిగాడు. తిరిగినప్పుడు మెడ ఎప్పటిలాగే కుడి పక్కకి వాలింది.

మిషనమ్మ ఆ మెడనే చూస్తూ ఉండిపోయింది. అందరివీ ఇచ్చేశాడు. పోస్టాఫీసు మామ్మది ఎడమ భుజం. మరి ఈ కుడి వైపుది ఎవరిది? మెడ దగ్గర మొదలై, కుడి భుజం దాకా.

వయసులో ఉన్నప్పుడు రాత్రీ పగలూ మిషను తొక్కేది. మెడ ఎత్తలేక ఓ రాత్రి ఏడ్చింది. ఆయన పచ్చ సీసా నూనె తెచ్చి, తనే రాశాడు. చాలాసేపు చెయ్యి అక్కడే పెట్టి ఉంచాడు.

"ఏమండీ," అంది, "ఇటు చూడండి. ఆ మెడ ఎవరిది?"

"అల్మరాలు చూసి చూసి..."

"అబద్ధం చెప్పడం మీకు రాదు. ఎవరిది?"

ఆయన సంచీలోంచి చొక్కా తీసి మళ్లీ మడతపెట్టడం మొదలెట్టాడు.

"ఇన్నాళ్లా? నా ఆరోగ్యం చూసుకుని ఎంత మిడిసిపడ్డానో చూస్తూ కూర్చున్నారా? అందరికీ నూనెల పేర్లు చెబుతుంటే నవ్వుకున్నారా?" ఆవిడ చెయ్యి చాపింది. "నాది నాకివ్వండి."

"కుదరదు. దానికి నేను టోకెన్ ఇవ్వలేదు," అన్నాడు సామాన్లాయన మొండిగా. "టోకెన్ లేని సామాను తిరిగివ్వడం రూల్లో లేదు. నువ్వేం చేసినా కుదరదు."

ఆవిడ ముందుకి వంగింది. వంగితే బ్యాంకాయన నడుము కలుక్కుమంది. ఆయన చొక్కా మెడ దగ్గరి గుండీ రెండు వేళ్లతో పట్టుకుని, పుటుక్కున తెంపింది. ఆ చొక్కా కుట్టింది ఆవిడే. ఆ గుండీ ఏ దారంతో ఎన్ని చుట్లు చుట్టిందో ఆవిడకే తెలుసు. దాన్ని ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇదిగో టోకెన్."

సామాన్లాయన గుండీని బొటనవేలితో తిప్పి తిప్పి చూశాడు. ఇంకేం చెయ్యగలడు? చెయ్యి చాపి ఆవిడ మెడ మీద పెట్టాడు. ఆ రాత్రిలాగే, చాలాసేపు.

"వచ్చిందా?" అన్నాడు చివరికి.

"వచ్చింది," అంది. "ఇదే. మారనే లేదు." ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. చేతులు ఆనించకుండా లేవబోయింది. లేవలేకపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది, కుర్చీ కిర్రుమంది. వెనక్కి వాలి, హమ్మయ్య అనుకుంది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ వచ్చి ఇద్దర్నీ చూసింది. ఆవిడ కుర్చీలోంచి ఎందుకు లేవలేకపోతోందో అడగలేదు. బల్లమీద గుండీల డబ్బా నిండుగా ఉండటం చూసి, తల దించుకుని రాసింది.

సిమెంటు దారి మీద చక్రాల కుర్చీలో ఆవిడా, వెనక నుంచి తోస్తూ ఆయనా వెళుతుంటే, హాల్లో అప్పుడే పాటలు మొదలయ్యాయి. కిటికీ కర్టెన్ పక్కకి లాగి ఎవరో చూశారు. లెక్కల మేడమే. చెయ్యెత్తబోయి దించేసింది. పాటకి ఆ రోజు ఎవరూ గంతులేసినట్టు లేదు. మర్నాడు వేశారు. అంతకన్నా వాళ్లని అని లాభం లేదు.

వెనక బిల్డింగులో ఇద్దరికీ కలిపి గది ఇచ్చారు, రెండు మంచాలది. ఆయన గురక గురించి ఆవిడ అక్కడా పేచీ పెడుతోంది. మెడ పట్టేసి ఆవిడ కళ్లు మూసుకున్నప్పుడు, నిద్రపోయిందనుకుని ఆయన పక్క మంచంలోంచి మెల్లిగా చెయ్యి చాపుతాడు. ఆవిడ ఆ చేతి మీద ఒక్కటిస్తుంది.

"టోకెన్ ఇవ్వకుండా తీసుకుంటారా? ఉద్యోగం ఊడుతుంది."

ఆయన జేబులోంచి గుండీ తీసి చూపిస్తాడు. "ఇదిగో, ఇస్తున్నా. తీసుకో."

ఆవిడ తీసుకోదు. ఆయన దాన్ని మళ్లీ జేబులో వేసుకుంటాడు. చొక్కా మెడ దగ్గర గుండీ లేకుండానే ఉంది. దాన్ని కుట్టమని ఆయనా అడగడు, ఆవిడా కుట్టదు.